కణత్వచం: నిర్మాణం, లిపిడ్ల పాత్ర, చరిత్ర

కణత్వచం (ప్లాస్మా పొర) ప్రతి జీవకణాన్నీ చుట్టి ఉండే పలుచని పొర. మందం సుమారు 5 నుంచి 10 నానోమీటర్లు. ఇందులో ప్రధానంగా ఉండేవి లిపిడ్లు, ప్రొటీన్లు. లిపిడ్లలో ఎక్కువ భాగం ఫాస్ఫోలిపిడ్లే. ఒక్కో ఫాస్ఫోలిపిడ్ అణువుకు నీటితో కలిసే తల, నీటికి దూరంగా జరిగే రెండు కొవ్వు ఆమ్లాల తోకలు ఉంటాయి. నీటిలో పడగానే ఈ అణువులు తలలు బయటికి, తోకలు లోపలికి వచ్చేలా వాటంతటవే రెండు వరుసలుగా సర్దుకుంటాయి. ఆక్సిజన్, కార్బన్ డై ఆక్సైడ్ ఈ పొరను సులువుగా దాటిపోతాయి. సోడియం, పొటాషియం అయాన్లు దాటలేవు. వాటికి ప్రొటీన్లతో ఏర్పడ్డ ద్వారాలు కావాలి. కణం లోపల ఒక రకం, బయట మరో రకం అయాన్లు ఎక్కువగా నిలిచి ఉండటానికి, నాడుల్లో సంకేతాలు పారడానికి ఆధారం ఇదే.

ఈ పొరలో కొవ్వు ఉందన్న ఆలోచన మత్తుమందుల అధ్యయనంతో ముడిపడి పెరిగింది. ఆ మత్తుమందుల చరిత్రలో హైదరాబాద్‌కు పెద్ద చోటే ఉంది. క్లోరోఫాం అనే మత్తుమందు వల్ల రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్‌ను నడిపారు. ఆ ఫలితాలను ఇంగ్లండ్ వైద్యులు ఒప్పుకోలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించి 1889లో రెండో కమిషన్ వేయించారు. ‘లాన్సెట్’ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది శ్వాసే, గుండె కాదని తేల్చారు. ఆ నిర్ధారణ నిలబడలేదు. తక్కువ మోతాదు క్లోరోఫాం కూడా గుండె లయ తప్పించి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. అయినా ఒక మందు పనితీరు తేల్చడానికి అంత పెద్ద ఎత్తున ప్రయోగాలు మన గడ్డమీద జరగడం చిన్న విషయం కాదు.

క్లోరోఫాం కణాన్ని ఏం చేస్తుందన్న ప్రశ్న ఆ కమిషన్ పరిధిలో లేదు. దాన్ని పట్టుకున్నవారు యూరప్‌లోని హాన్స్ మేయర్, చార్లెస్ ఓవర్టన్. ఆలివ్ నూనెలో ఎంత బాగా కరిగితే మత్తుమందు అంత బలంగా పనిచేస్తుందని 1899, 1901 సంవత్సరాల్లో ఎవరికి వారుగా ప్రకటించారు. నూనెలో కరిగే పదార్థాలు కణంలోకి త్వరగా చొరబడతాయని ఓవర్టన్ అంతకుముందే మొక్కల కణాల్లో గమనించారు. కణం చుట్టూ కొలెస్టరాల్, లెసిథిన్ లాంటి పదార్థాలు ఉండాలని ఊహించారు.

ఆ కొవ్వు ఎన్ని వరుసలుగా ఉందో 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఎవర్ట్ గోర్టర్, ఫ్రాన్‌స్వా గ్రెండెల్ కొలిచారు. ఎర్ర రక్తకణాల నుంచి అసిటోన్‌తో కొవ్వును తీసి, నీటి మీద ఒకే అణువు మందాన పరిచారు. అది కణాల ఉపరితల వైశాల్యానికి రెండింతలు వచ్చింది. అంటే రెండు వరుసలు. నిజానికి అసిటోన్‌తో కొవ్వు మొత్తం బయటికి రాలేదు, కణాల వైశాల్యాన్నీ వాళ్లు తక్కువగానే లెక్కగట్టారు. ఆ రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి సరిచేసుకోవడంతో జవాబు సరిపోయింది. ఈ ప్రయోగం గొప్పదే, కానీ దాన్ని లోపం లేని కొలతగా బోధించడం సరికాదు.

1935లో డేనియెలీ, డేవ్సన్ ఈ కొవ్వుకు ఇరువైపులా ప్రొటీన్ పూత ఉందన్నారు. ఆ బొమ్మను 1970లో ఫ్రై, ఎడిడిన్ ప్రయోగం గట్టిగా కదిపింది. వాళ్లు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ ఒకటిగా కలిపి, వాటి ఉపరితల ప్రొటీన్లకు వేర్వేరు రంగుల్లో మెరిసే గుర్తులు తగిలించారు. మొదట ఒక సగం ఒక రంగు, మరో సగం ఇంకో రంగు. 37 డిగ్రీల వేడిలో 40 నిమిషాలు గడిచేసరికి రెండు రంగులూ పూర్తిగా కలిసిపోయాయి. చల్లబరిస్తే ఆ కలయిక ఆగింది. ప్రొటీన్లు ఈ పొరలో కదులుతూ ఉంటాయన్నమాట. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనాకు ఇది బలమైన ఆధారం అయింది.

అయితే ఆ నమూనా తర్వాత చాలాకాలం లిపిడ్లను ప్రొటీన్లు తేలియాడే ద్రవంగానే చూశారు. ఆ చూపును మార్చిన పనుల్లో హైదరాబాద్‌ది ఒకటి. నగరంలోని హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది. అక్కడ అమితాభ ఛటోపాధ్యాయ బృందం పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ నుంచి తీసిన పొరల్లో కొలెస్టరాల్‌ను తగ్గించి చూసింది. సెరటోనిన్ గ్రాహకం అనే ప్రొటీన్ తన సంకేత అణువును పట్టుకునే శక్తి తగ్గిపోయింది. కొలెస్టరాల్‌ను తిరిగి చేరిస్తే ఆ శక్తి మళ్లీ వచ్చింది. గ్రాహకం అక్కడే ఉంది, మారింది చుట్టూ ఉన్న కొవ్వు మాత్రమే. గుండెజబ్బుల మాటల్లో చెడ్డపేరు మూటగట్టుకున్న కొలెస్టరాల్ కణత్వచంలో ఇంత అవసరమైన పదార్థమని చాలామందికి తెలియదు.

మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మిరప రైతులకు ఈ శాస్త్రం చేతుల్లోనే అనుభవమవుతుంది. కల్లంలో తాలుకాయలు ఏరే కూలీల వేళ్లు సాయంత్రానికి మండుతుంటాయి, నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట పోదు. మిరపలోని క్యాప్సైసిన్ నూనెల్లో కరుగుతుంది గానీ నీటిలో దాదాపు కరగదు. అది నాడీకణం పొరలోని కొవ్వులోకి దిగి, అక్కడి నుంచి టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ద్వారాన్ని చేరి తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే ద్వారం కూడా ఇదే కాబట్టి, కారం కాలినట్టే అనిపిస్తుంది. దీన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎర్రటి రంగుకు పేరున్న వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దానిలో క్యాప్సైసిన్ తక్కువ, అందుకే తేజ రకం మండించినంతగా మండించదు.

2016లో జూలియస్, యిఫాన్ చెంగ్ బృందాలు ఈ ప్రొటీన్‌ను కృత్రిమ లిపిడ్ పొరలోనే ఉంచి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశాయి. క్యాప్సైసిన్ చేరే గుంటలో మామూలుగా కణత్వచానికి చెందిన ఒక ఫాస్ఫోలిపిడ్ కూర్చుని, ద్వారాన్ని మూసి ఉంచుతున్నట్టు వాటికి కనిపించింది. దాన్ని పక్కకు నెట్టి ఆ చోటు ఆక్రమించినప్పుడే క్యాప్సైసిన్ ద్వారం తెరుస్తుంది.