ఫలక్‌నుమా: అతిథులు నిలిపిన సౌధము

హైదరాబాదు నగరమునకు పడమట హైటెక్ సిటీ యున్నది. 1998 నవంబరులో అచట సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి దేశదేశముల వారు పనుల నిమిత్తము వచ్చి పోవుచున్నారు. ఇంతమంది అతిథులను చూచునప్పుడు, ఇదే నగరమునకు దక్షిణాన, చార్మినారుకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరమున, గుట్టపై నిలిచిన పాత విడిదిల్లు మనకు స్ఫురించును. అదియే ఫలక్‌నుమా. ఆకసమునకు అద్దము వంటిదని ఆ పేరునకు అర్థము చెప్పుదురు.

దీనిని కట్టించినవారు పాయెగా వంశీయులైన నవాబ్ వికారుల్ ఉమ్రా. వీరు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సోదరిని వివాహమాడినవారు. తరువాత రాజ్యమునకు ప్రధానమంత్రి యైనవారు. 1884లో శంకుస్థాపన జరిగినది. అది విక్టోరియా రాణి యుగము. ఐరోపా వాస్తురీతులు మన సంస్థానముల ప్రభువులను ఆకర్షించుచున్న కాలము. ఇటలీ పాలరాయి, రంగుటద్దముల కిటికీలు, నూట ఒక్కమంది ఒక్క పంక్తిని కూర్చుండదగిన భోజనపు బల్ల, ఇట్టివెన్నియో ఈ సౌధమున అమరినవి.

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక అనలేదు. సౌధము పూర్తియగుసరికి నవాబుగారు అప్పులలో మునిగినారు. 1897 ప్రాంతమున నిజాము ప్రభువు అతిథిగా విచ్చేసి, ఆ భవనమును మెచ్చుకొన్నారు. నవాబుగారు దానిని ప్రభువునకు సమర్పించినారు. ప్రభువు అందులకు ధనమిచ్చినారు. కట్టినవాని ముచ్చట ఆ విధముగా కొద్ది సంవత్సరములకే తీరిపోయెను. మహబూబ్ అలీఖాను 1911లో ఈ సౌధముననే కన్నుమూసినారు.

అటుపిమ్మట ఇది రాజ్యపు అతిథిగృహముగా నుండెను. 1922లో ఆంగ్ల యువరాజు ఎడ్వర్డు ఇచట బస చేసినారు. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు విడిసినారు. ఆ మీదట తలుపులు మూతపడినవి. అతిథి లేని అతిథిగృహమునకు దుమ్మే చుట్టము గదా! దశాబ్దముల పాటు అట్లే యుండెను.

ఇంగ్లండు సముద్రతీరములందును విక్టోరియా నాటి పెద్ద యిండ్లు అనేకము కాలక్రమమున విడిదిగృహములుగా మారినవి. పోషణభారము మోయలేని యింటిని బసకు వచ్చువారి సొమ్ము నిలబెట్టినది. ఫలక్‌నుమాకు సముద్రము లేదు. అయినను కథ అదియే. 2000 సంవత్సరములో తాజ్ సంస్థ దీనిని చేపట్టగా, నిజాము వంశపు కోడలు ఎస్రా గారి పర్యవేక్షణలో సుమారు పదియేండ్లు మరమ్మతులు సాగినవి. 2010 నవంబరులో హోటలుగా తెరువబడినది. 2017 నవంబరు 28న, హైటెక్ సిటీ చెంత ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఆరంభమైన దినముననే, ప్రధానమంత్రి మోదీ ఆ నూట ఒక్క ఆసనముల బల్ల వద్ద విందు నొసగినారు.

సౌధము దక్కినది, సంతోషమే. కాని గుట్ట దిగువన పుట్టి పెరిగినవారిలో ఆ ద్వారము దాటినవారెందరు? నాడు ప్రభువు పిలుపు కావలెను. నేడు రొక్కము కావలెను. 2003లో నడక మొదలిడిన ఎమ్.ఎమ్.టి.యస్. రైలులో ఫలక్‌నుమా స్టేషనున ఎక్కినవారు హైటెక్ సిటీలో దిగవచ్చును. నగరపు ఆ కొసను ఈ కొసతో కలుపుట అంత సులభమైనది. గుట్ట దిగువకును పైకిని నడుమ నున్న ఆ కొద్దిపాటి దూరమే ఇంకను మిగిలియున్నది.