చుట్టపుచూపుగా వచ్చిన లినక్స్

చీరల కొట్లోకి వెళ్ళామనుకోండి. వెంకటగిరి జరీ అంచు చీర ఒకటి కంటికి నచ్చింది. మడత మీద చూసేసి డబ్బు కట్టి వచ్చేస్తామా? కొట్లో అబ్బాయి మడత విప్పి, భుజాన వేసి, అద్దం ముందు నిలబెట్టాలి. అంచు మన ఒంటి చాయకి నప్పిందో లేదో మనం చూడాలి, పక్కనున్న తోటికోడలు చూడాలి. నాలుగు చీరలు అలా వేయించుకుని, "మళ్ళీ వస్తాం బాబూ" అని లేచి వచ్చేసినా ఎవరూ ఏమీ అనరు. మహా అయితే లోపల గొణుక్కుంటారు.

కంప్యూటరు విషయంలో ఈ సదుపాయం చాలా ఏళ్ళు లేదు సుమండీ. మీట నొక్కగానే ముందుగా లేచి, తెరకీ, కీబోర్డుకీ, ప్రింటరుకీ పనులు పురమాయించే పెత్తందారు ఒకటి లోపల ఉంటుంది. దాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది విండోస్. దాన్ని కాదని ఇంకొకటి ఎలా ఉంటుందో చూడాలంటే, ఉన్న పెద్దావిడ సామాను అంతా సర్ది ఓ గదిలోకి నెట్టి, కొత్తావిడకి మిగతా ఇల్లు అప్పగించాలి. ఆ సర్దడంలో చెయ్యి జారిందో, పాత సామాను మొత్తం గోవిందా! అందుకే చాలామంది ఆ జోలికే పోలేదు.

లినక్స్ కథ 1991లో మొదలయింది. ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు సరదాగా దీని గుండెకాయ రాశాడు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983 నుంచీ, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇరుగుపొరుగుకి పంచుకోవచ్చు అంటూ తయారు చేయిస్తున్న పనిముట్లు దానికి జతపడ్డాయి. పైసా ఖర్చు లేదు. కానీ దాన్ని యంత్రంలోకి ఎక్కించడమంటే డజన్ల కొద్దీ ఫ్లాపీలు ఒకదాని తరవాత ఒకటి పెట్టుకుంటూ కూర్చోవాలి. ఇరవయ్యో ఫ్లాపీ చెడిపోయిందంటే మళ్ళీ మొదటికి వచ్చినట్టే.

1992 చివర్లో కాలిఫోర్నియాలో ఇగ్‌డ్రసిల్ అనే చిన్న సంస్థ లినక్స్‌ని ఒక సీడీలో పెట్టి ఇచ్చింది. స్కాండినేవియా పురాణాల్లో లోకాలన్నిటినీ మోసే మహావృక్షం పేరు అది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఎక్కడ, దాదాపు 650 మెగాబైట్ల సీడీ ఎక్కడ! ఒక్క సీడీ నాలుగువందల యాభై ఫ్లాపీల పెట్టు. పైగా దాన్ని డిస్కులోకి దించకుండా సీడీ మీదనుంచే నడిపి చూడవచ్చు. లైవ్ సీడీల వంశానికి మూలపురుషుడు అదే. అయితే నత్తనడక. ఇంకో తిరకాసు ఏమిటంటే, ఆ కాలపు కంప్యూటర్లకి సీడీని చూసి నిద్రలేవడం తెలీదు. తలుపు తీయడానికి ఒక ఫ్లాపీ పక్కన ఉండాల్సిందే.

ఆ తలుపు తీసింది 1995లో. ఫీనిక్స్, ఐబీఎం కంపెనీల ఇంజనీర్లు కూర్చుని, కంప్యూటరు నేరుగా సీడీతోనే మేలుకునే పద్ధతి ఒకటి రాశారు. దానికి ఎల్ టొరిటో అని పేరు పెట్టారు. కాలిఫోర్నియాలో ఇర్వైన్ అనే ఊళ్ళో ఉన్న మెక్సికన్ భోజనశాల పేరట అది! స్పానిష్ భాషలో ఆ మాటకి చిన్న కోడె అని అర్థం. పేర్లు ఎటునుంచి ఎటు పోతాయో చెప్పలేం. బ్రెజిల్లో మన ఒంగోలు జాతి పశువుల్ని ఈనాటికీ 'నెలోర్' అనే పిలుస్తారు, పూర్వం ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండబట్టి.

ఇంత జరిగినా మామూలు ఇళ్ళదాకా దీన్ని తెచ్చింది జర్మనీకి చెందిన క్లాస్ నాపర్. ఎక్కడికి వెళ్ళినా తన పనిముట్లన్నీ ఒక సీడీలో వెంట తీసుకుపోవాలనీ, ఏ కంప్యూటరు దొరికితే దాంట్లో పెట్టి పని చేసుకోవాలనీ ఆయన కోరిక. 2000లో నాపిక్స్ అని విడుదల చేశాడు. దాదాపు రెండు గిగాబైట్ల సరంజామాని 700 మెగాబైట్ల సీడీలోకి కుదించాడు. ఊరగాయ జాడీలో ముక్క అదిమినట్టు అదిమాడన్నమాట. కొత్త యంత్రంలోకి వెళ్ళగానే తెర ఏ రకం, మౌసు ఏ రకం అన్నది తనంతట తానే కనిపెట్టేట్టు చేశాడు. ప్రశ్నలు వేసి మనల్ని విసిగించకపోవడమే నా దృష్టిలో దాని గొప్పతనం.

ఇంతకీ డిస్కుని ముట్టుకోకుండా ఇదంతా ఎలా నడుస్తుంది? వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తాం కదా. చుక్కలు ఎలాగైనా పెట్టచ్చు, రంగులు నింపచ్చు, పక్కింటి పిల్ల సైకిలు తొక్కి చెరిపితే మళ్ళీ దిద్దుకోవచ్చు. మర్నాడు నీళ్ళు కొట్టగానే వాకిలి మామూలే. లైవ్ సీడీ కూడా అంతే. అసలు సరుకు సీడీ మీద చెరగకుండా ఉంటుంది. మనం మార్చే ప్రతిదీ కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకంలో, అంటే ర్యామ్‌లో, దానిమీద ఒక పొరలాగ పడుతుంది. మీట కట్టేయగానే ఆ పొర పోతుంది. లోపలి డిస్కులో ఉన్న విండోస్‌కి చుట్టం వచ్చి వెళ్ళిన సంగతే తెలీదు.

నాపిక్స్‌కి పునాది డెబియన్ అనే లినక్స్. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్, తరవాత తన భార్య అయిన డెబ్రా పేరునీ తన పేరునీ కలిపి ఆ మాట కట్టాడు. ఆ పెళ్ళి నిలవలేదు గాని పేరు నిలిచింది. ఇంతకన్నా నాకు నచ్చిన కథ నాపర్ గారిది. ఆయన భార్య అడ్రియాన్ గారికి చూపు లోపం. తెర కనిపించనివాళ్ళు కంప్యూటరు వాడాలంటే, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అప్పట్లో చాలావరకు విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది, అదీ చాలా ఖరీదు. 2007లో నాపిక్స్‌లోనే మాటలతో నడిచే భాగం ఒకటి వచ్చింది. దానికి ఆమె పేరే పెట్టారు. తయారీలో ఆమె చెయ్యి కూడా ఉంది. ఏది సులువు, ఏది విసుగు అన్నది వాడే మనిషి చెబితేనే కదా తెలిసేది! బొమ్మల గొడవ లేకుండా వరసగా ఒక పట్టిక. బాణం మీట నొక్కితే చదివి వినిపిస్తుంది. ఉత్తరమో, పాటో, పుస్తకమో ఎంచుకోవడమే. భార్య పేరుతో మేడలు కట్టినవాళ్ళని చూశాం గాని, ఇది వేరే రకం.

మనదాకా ఎలా వచ్చిందంటారా? కొంత కంప్యూటరు పత్రికలతో ఉచితంగా వచ్చే సీడీల ద్వారా. కొంత పోస్టులో. 2004 అక్టోబరులో ఉబుంటు అనే లినక్స్ పుట్టింది. దక్షిణాఫ్రికా వాడు మార్క్ షటిల్‌వర్త్ దాని వెనక ఉన్న ధనికుడు. 2002లో సొంత డబ్బుతో రష్యా వాళ్ళ నౌకెక్కి రోదసికి వెళ్ళొచ్చిన మనిషి. శ్రీహరికోట చప్పుళ్ళు వింటూ పెరిగిన నెల్లూరు పిల్లలకి అది విడ్డూరం కాకపోవచ్చు! ఎవరు అడిగినా వాళ్ళ సీడీలు ఇంటికి ఉచితంగా పంపేవారు. 2011 దాకా ఆ దానం సాగింది. 2006లో రెండు సీడీల పనినీ ఒకే సీడీలోకి తెచ్చారు. ముందు వాడి చూడు, నచ్చితే తెర మీద ఉన్న బొమ్మ నొక్కి ఇంట్లో దించుకో, లేకపోతే తీసి పక్కన పెట్టు. ఈ మర్యాద ఆ తరవాత వచ్చిన చాలా లినక్స్‌లకి అలవాటయింది.

తెలుగు మాట కూడా చెప్పాలి. 2005లో హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ని తెచ్చింది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అని ఇంకొకటి చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళు మనకి పక్కనే ఉన్న చెన్నైలో బాస్ లినక్స్ తయారుచేశారు. ఊరూ పేరూ తెలియని ఎందరో కుర్రాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని మాట మాటకీ తెలుగు వెతికారు. ఫైలుకి దస్త్రం, ఫోల్డరుకి సంచయం. దస్త్రం కరణాల నాటి మాట, బాగుంది. సంచయం మాత్రం నాకింకా నోరు తిరగలేదు.

చుట్టపుచూపు అంటే నెల్లూరు తీరానికి ఒక పాత సంగతి ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు వర్తకులు దుగరాజపట్నంలో దిగి ఒక కోట్లం లాంటి స్థావరం కట్టారు. వాళ్ళు దాన్ని ఆర్మగాం అనేవారు. అక్కడ కొట్టు పెట్టి చూశారు, నచ్చలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాదికి వెళ్ళి 1639లో మదరాసు దగ్గర చోటు సంపాదించాడు. 1640లో మూటాముల్లె సర్దుకుపోయారు. అక్కడి దీపస్తంభానికి మాత్రం ఆ పేరు మిగిలింది. అప్పుడే లైవ్ సీడీలాగ జాడ లేకుండా దేశం దాటి పోయుంటే మన చరిత్ర పుస్తకాలు ఇంకాస్త పలచగా ఉండేవేమో!

సీడీల కాలం తీరాక పెన్‌డ్రైవులు వచ్చాయి. ఇసకపల్లి వైపు, సముద్రానికి కాస్త ఎడంగా మా వదిన ఇల్లు. ఉప్పుగాలికి గేటు కీళ్ళే నిలవవు, ఇక కంప్యూటరు సంగతి చెప్పాలా? 2013లో కొన్న ల్యాప్‌టాప్ ఒకరోజు విండోస్ దాకా రాకుండా నల్లతెర వేసుకు కూర్చుంది. టౌనులో ఒక కొట్టుకి పట్టుకెళితే, డిస్కు మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాలి, లోపలివి పోతాయి అన్నారట. లోపలివి అంటే మా అన్నయ్య ఫోటోలు. అన్నయ్య పోయి అప్పటికి రెండేళ్ళు.

మా మేనల్లుడు లినక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవు పట్టుకొచ్చాడు. వదిన పక్కనే నిలబడింది.

"ఏందిరా అది? ఉన్నది కూడా పోగొడతావా ఏంది?"

"ఏం పోదు మా. ఇది లోపలికి పోదు, వాకిట్లో నిలబడి చూస్తాది అంతే."

"ఫోటోలు ఉండాయా పోయినాయా, అది చెప్పు ముందు."

ఆకుపచ్చ తెర వచ్చింది. అంతలో కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన యంత్రం కాబట్టి తెర ఆరిపోయింది. వదిన ముఖం చూడలేకపోయాను. కరెంటు వచ్చాక వాడు మళ్ళీ మొదటినుంచీ లేపాడు. ఏమీ జరగనట్టే లేచింది. డిస్కు తెరిస్తే సంచయాలన్నీ ఉన్నాయి. డిస్కులో ఒక మూల మాత్రమే చెడిందట. ఆఖరి సంక్రాంతికి అన్నయ్య మైపాడు ఒడ్డున పంచె ఎగగట్టుకుని నిలబడ్డ ఫోటో కూడా ఉంది. అన్నిటినీ ఇంకో పెన్‌డ్రైవులోకి ఎత్తుకోవడానికి గంటన్నర పట్టింది. వదిన ఆ గంటన్నరా వంటింట్లోకి వెళ్ళలేదు.

ఇప్పుడు ఈ సంగతి మళ్ళీ ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వాళ్ళ మామూలు రక్షణ సవరణలు ఆగాయి. కావాలన్నవాళ్ళకి కొంతకాలం పొడిగింపు ఇచ్చారనుకోండి, అది వేరే సంగతి. చాలా పాత యంత్రాలు విండోస్ 11కి పనికిరావు. కొత్తది కొనండి అనే మాట అన్ని కొట్లలోనూ వినిపిస్తుంది. కొనేముందు ఒక సాయంత్రం ఈ చుట్టాన్ని పిలిచి చూడవచ్చు. వైఫై అందుతోందా, స్పీకరు పలుకుతోందా, ప్రింటరు మాట వింటోందా, తెలుగు అక్షరాలు సరిగ్గా కనపడుతున్నాయా, పిల్లల ఆన్‌లైను పాఠం తెరుచుకుంటోందా అన్నవి చూసుకోండి. పెన్‌డ్రైవు మీద కాబట్టి కాస్త మందంగా నడుస్తుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. కంప్యూటరు లేచేటప్పుడు ఎఫ్12 గాని ఎఫ్2 గాని నొక్కితే దేనితో మేలుకోవాలో అడుగుతుంది. కంపెనీని బట్టి మీట మారుతుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కుకి తాళం వేసి ఉండవచ్చు. ఆ తాళం అంకెలు లేకుండా మనవాడు ఫోటోలు తీయలేడు. తెర మీద 'ఇన్‌స్టాల్' అన్న బొమ్మ ఒకటి కనిపిస్తుంది. అది పొరపాటున నొక్కినా ఇంకా నాలుగైదు ప్రశ్నలు అడిగిగాని ముందుకు పోదు. వాటికి జవాబు చెప్పకుండా వెనక్కి వచ్చేస్తే సరి.