కరవుకు అడ్డం పడ్డ తీగ

శివరాత్రి వస్తోందంటే రైతుబజార్లలో చిలగడదుంపలు రాశులు పోస్తారు. కోస్తాలో చిలగడదుంప, సీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో రత్నపురి గడ్డ, మోరంగడ్డ. ఏ పేరుతో కొన్నా, ఉపవాసం ఉన్నవాళ్లకు ఆ రోజు ఉడికించిన ఆ దుంపే ఆధారం. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాదుంప మంచిదా, చిలగడదుంప మంచిదా అన్న చర్చ కూడా ఇంటింటా మొదలవుతుంది. ఎక్కువమంది తీర్పు చిలగడదుంప వైపే. అందులో విటమిన్ ‘ఎ’ దండిగా ఉందని ఎక్కడో చదివి ఉంటారు.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక చూస్తే ఆ మాట నిజమే. 100 గ్రాముల పచ్చి చిలగడదుంపలో 8,500 మైక్రోగ్రాములకు పైగా బీటా కెరోటిన్ ఉంది. మన శరీరం విటమిన్ ‘ఎ’ తయారుచేసుకునేది ముఖ్యంగా దానితోనే. ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టిక తెరవండి. సి.గోపాలన్, ఆయన సహచరులు కూర్చిన ఆ పుస్తకంతోనే మన దేశంలో కొన్ని తరాల డాక్టర్లు, పోషకాహార నిపుణులు చదువుకున్నారు. అందులో చిలగడదుంపకు ఎదురుగా ఉన్న కెరోటిన్ అంకె 6 మైక్రోగ్రాములు. బంగాళాదుంపకు 24!

రెండు పట్టికలూ తప్పు కాదు. అమెరికావాళ్లు తూచింది లోపలి కండ నారింజ రంగులో ఉండే దుంపను. మనం తినేది పైన ఎర్రతోలు, లోపల తెల్లటి కండ ఉన్న దుంపను. కెరోటిన్ ఉండేది ఆ నారింజ రంగులోనే. మిగతా అంకెల్లో మన రెండు దుంపలూ దగ్గర దగ్గరగానే నడుస్తాయి. హైదరాబాద్ లెక్క ప్రకారం 100 గ్రాములకు చిలగడదుంప 120 కిలో కేలరీల శక్తినిస్తే, బంగాళాదుంప 97 ఇస్తుంది. మాంసకృత్తుల్లో బంగాళాదుంపది కాస్త పైచేయి, 1.6 గ్రాములు. చిలగడదుంపలో 1.2. కాల్షియం చిలగడదుంపలో 46 మిల్లీగ్రాములు, బంగాళాదుంపలో 10. విటమిన్ ‘సి’ చిలగడదుంపలో 24, బంగాళాదుంపలో 17. ఏ ఒక్కదాన్నో గెలిపించేంత తేడా ఇందులో నాకు కనబడలేదు. ఈ దుంపల విలువ తెలియాలంటే పట్టిక పక్కన పెట్టి, జనం వీటి మీద ఆధారపడి బతికిన రోజుల్లోకి వెళ్లాలి.

వృక్షశాస్త్రం ప్రకారం ఇవి చుట్టాలు కూడా కావు. బంగాళాదుంప వంగ, టమాటా, మిరపల కుటుంబం. మనం తినేది దాని వేరును కాదు, భూమిలో లావెక్కిన కాండాన్ని. చిలగడదుంపలో తినేది నిజంగా వేరునే. దానికి దగ్గరి చుట్టం మన చెరువుగట్ల తూటికూర. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. దక్షిణ అమెరికాలో టిటికాకా సరస్సు చుట్టుపక్కల బంగాళాదుంపను ఏడెనిమిది వేల ఏళ్ల కిందటే సాగులోకి తెచ్చారు. ఆండీస్ కొండల్లో రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి ఏళ్ల తరబడి నిలవచేసేవారు. చిలగడదుంపను కొలంబస్ పుట్టకముందే పాలినేషియా నావికులు పసిఫిక్ దీవులకు చేర్చారు. తర్వాత స్పెయిన్, పోర్చుగల్ ఓడలు రెంటినీ లోకమంతా తిప్పాయి. యూరప్‌లో బంగాళాదుంప చలికాలపు పళ్లెంలోకి విటమిన్ ‘సి’ని తెచ్చింది. ఐర్లండ్ పేదలు దాన్నీ మజ్జిగనూ నమ్ముకుని బతికారు. 1845లో మాడు తెగులు సోకి పంట కుళ్లితే పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది దేశం విడిచారు. ఆ కథ అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి, తూర్పు సముద్రాల మీద నడిచిన కథ.

1593లో చైనాలోని ఫూజియాన్ తీరానికి చెందిన చెన్ జెన్‌లుంగ్ అనే వర్తకుడు ఫిలిప్పీన్స్‌లోని లూజోన్ దీవిలో చిలగడదుంప రుచి చూశాడు. అక్కడి స్పెయిన్ పాలకులు దాన్ని బయటికి పోనిచ్చేవారు కాదు. ఆయన తీగల్ని ఓడ మోకుల్లో కలిపి పేని, పైన బురద పూసి, ఏడు రోజుల ప్రయాణం చేసి ఇంటికి చేర్చాడని వాళ్ల వంశస్థులు రాసుకున్నారు. మరుసటి ఏడే ఫూజియాన్‌లో కరవు. అక్కడి గవర్నరు ఊరూరా ఆ తీగ నాటించాడు. పన్నెండేళ్ల తర్వాత, 1605లో, ర్యూక్యూ రాజ్యం నుంచి కప్పం ఓడలో వచ్చిన నోగుని సోకాన్ అనే ఉద్యోగి అదే ఫూజియాన్ నుంచి ఆ మొక్కను తన దీవులకు తీసుకెళ్లాడు. ఆ దీవులే నేటి ఒకినావా. అక్కడి నుంచి 1705లో మాయెదా రియెమోన్ అనే ఓడ మనిషి జపాన్ దక్షిణ కొసన ఉన్న సత్సుమాకు తెచ్చాడు. సత్సుమా నేల అగ్నిపర్వతపు బూడిద, వరికి పనికిరాదు. అలాంటి నేలలో ఈ తీగ విరగకాసింది. పైన గాలివాన ఎంత కొట్టినా దుంప భూమిలో భద్రంగా ఉంటుంది. రియెమోన్‌కు ఆ ఊరివాళ్లు గుడి కట్టారు.

ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి అసామి కిచిజూరో. జపాన్ లోపలి సముద్రంలోని ఓమిషిమా దీవి రైతు. నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంతో ఇల్లు విడిచి దేశమంతా తీర్థయాత్రకు బయలుదేరాడు. 1711లో సత్సుమాలోని ఒక పల్లెలో ఒక రైతు ఆయనకు ఆశ్రయమిచ్చి ఉడికించిన చిలగడదుంప పెట్టాడు. ఇది తమ దీవిలో పండితే ఎవరి బిడ్డా ఆకలితో పోదు కదా అనిపించి ఉంటుంది ఆయనకు. విత్తన దుంపను సత్సుమా పొలిమేర దాటించడం నేరం. అయినా ఆయన రహస్యంగా పట్టుకొచ్చాడు, దీవి అంతా పంచాడు.

ఇరవై ఏళ్లు గడిచాయి. 1732 వేసవిలో పశ్చిమ జపాన్‌లో ఎడతెగని వానలు. వెనకే వరిచేలకు దోమపోటు. సుడిదోమ కమ్మితే వరి ఎలా ఎండిపోతుందో మన డెల్టా రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. క్యోహో కరవని చరిత్రలో నిలిచిన ఆ ఏడు అక్కడ వేలమంది ఆకలితో ప్రాణాలు విడిచారు. ఓమిషిమాలో మాత్రం ఒక్కరు కూడా చనిపోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. వరిని తినే దోమ చిలగడదుంప తీగ జోలికి రాదు. కిచిజూరో జ్ఞాపకంగా ఆ దీవివాళ్లు ‘దుంప జిజో’ అనే విగ్రహాన్ని నిలిపారు. జిజో అంటే పసిపిల్లల్ని కాపాడే బోధిసత్వుడు. బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రికి ఇంతకంటే తగిన గౌరవం నేను ఊహించలేను.

అదే కరవులో ఇవామి వెండి గనుల ప్రాంతానికి ఇడో హెయిజాయెమోన్ అధికారి. మన కలెక్టరు లాంటి పదవి. అరవై ఏళ్ల వయసులో ఆ ఉద్యోగానికి వచ్చాడు. ఒక సన్యాసి నోట చిలగడదుంప సంగతి విని సత్సుమా నుంచి విత్తనం తెప్పించాడు. నాటే అదను దాటిపోయింది. చాలా ఊళ్లలో దుంపలు కుళ్లిపోయాయి, ఒక ఊళ్లో ఒక రైతు మాత్రం విత్తనం నిలబెట్టగలిగాడు. పంట వచ్చేదాకా జనం ఆగలేరని హెయిజాయెమోన్ పై అనుమతి కోసం చూడకుండా సర్కారు ధాన్యపు కొట్లు తెరిపించాడు, పన్నులు తగ్గించాడు. 1733లో చనిపోయాడు. తాను తెప్పించిన తీగ ఆ ప్రాంతమంతా అల్లుకోవడం ఆయన చూడలేదు. ‘దుంపల దొర’ అని జనం పిలుచుకున్న ఆయనకు ఆ చుట్టుపక్కల ఊళ్లలో వందల కొద్దీ స్మారక శిలలున్నాయి.

రెండేళ్లకు కబురు షోగున్ల పాలనా కేంద్రమైన ఎదోకు, అంటే నేటి టోక్యోకు, చేరింది. చేపల వ్యాపారి కొడుకైన పండితుడు అవోకి కోన్‌యో ఈ పంట గురించి పుస్తకం రాశాడు. పాలకుడైన షోగున్ యోషిమునె ఆజ్ఞతో 1735లో కొయిషికావా ఔషధ వనంలో నాటి చూశాడు. ఎదోలో చలి ఎక్కువ. చలికి విత్తన దుంప పాడైపోతుంది. విత్తనాన్ని ఆ చలి దాటించి పండించాక తూర్పు జపాన్ అంతటా సాగు మొదలైంది. ఆయన సమాధి దగ్గర ఏటా అక్టోబరులో దుంపల పండుగ చేస్తారు.

ఇక మన కాలానికి వస్తే కథ పాయలు పాయలుగా చీలిపోతుంది. 1949లో ఒకినావా ప్రజల ఆహార శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు చిలగడదుంపదే. ఆ తరంలో నూరేళ్లు బతికినవాళ్లు అంతమంది ఎలా ఉన్నారని పరిశోధకులు ఇంకా చర్చించుకుంటున్నారు. అక్కడే ఇప్పటి పిల్లలు తినే తిండి వేరు. మన దేశం బంగాళాదుంప ఉత్పత్తిలో ప్రపంచంలో రెండో స్థానానికి ఎదిగింది. దాని వెనక సిమ్లా పరిశోధన సంస్థ కుఫ్రీ రకాలున్నాయి, శీతల గిడ్డంగులున్నాయి, చిప్స్ కంపెనీలూ ఉన్నాయి. జహీరాబాద్ రైతులు కూడా ఆ పంటలో తమ వాటా పండిస్తున్నారు. చిలగడదుంపకు అలాంటి అండ దొరకలేదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నకూ ఒక్కమాటలో జవాబు లేదు. చిలగడదుంపను నీళ్లలో ఉడికిస్తే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది, నిప్పుల మీద కాల్చుకుంటే వేగంగా పెరుగుతుంది. నెమ్మదిగా కాలేటప్పుడు దుంపలోని ఎంజైము పిండిపదార్థాన్ని మాల్టోస్ అనే చక్కెరగా మార్చడమే కాల్చిన దుంపకు ఆ తీపి రావడానికి కారణం.

విటమిన్ ‘ఎ’ సంగతి మాత్రం నేను వదలలేను. ఆ లోపంతో పిల్లలు చూపు పోగొట్టుకుంటున్నారని, ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు పోస్తే కాపాడవచ్చని చూపించింది మన హైదరాబాద్ సంస్థే. 1970లో దేశమంతటా ఆ కార్యక్రమం మొదలైంది. ఆఫ్రికాలో అదే సమస్యకు ఇంకో దారి వెతికారు. మొజాంబిక్‌లోని జాంబెజియాలో నారింజ రంగు చిలగడదుంపను రైతులకు పంచి, అంగళ్లకూ వాహనాలకూ అదే రంగు వేసి ఊరూరా ప్రచారం చేశారు. ఆ ఊళ్లలో విటమిన్ ‘ఎ’ తక్కువున్న పిల్లల వాటా 60 శాతం నుంచి 38 శాతానికి దిగింది. అక్కడా ఉగాండాలోనూ పనిచేసిన మరియా ఆండ్రాడె, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో, వారితో పాటు హోవర్త్ బూయిస్ 2016లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు.

అలాంటి దుంప మన దేశంలోనూ ఉంది. తిరువనంతపురం శివార్లలోని శ్రీకార్యంలో 1963లో మొదలైన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ‘భూ సోనా’ అనే రకాన్ని విడుదల చేసింది. 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, అంటే హైదరాబాద్ పట్టికలోని మన తెల్ల దుంపకు రెండు వేల రెట్లకు పైమాటే. కాస్త నూనెతోనో నేతితోనో తింటే అది ఒంటికి బాగా పడుతుంది. బంగాళాదుంపలా దీనికి శీతల గిడ్డంగిలో దాచిన విత్తనం అక్కర్లేదు, జానెడు తీగ ముక్కలు చాలు. కాకపోతే కోసిన తీగ కొద్దిరోజుల్లోనే వాడిపోతుంది కాబట్టి నారుమడి ఊరికి దగ్గరలోనే ఉండాలి. ఆ నారుమళ్లు మన మండలాల్లో రావాలి. అంగన్‌వాడీ పెరళ్లలో, బడి తోటల్లో మొదలుపెట్టినా సరే, నాటిన మూడున్నర నాలుగు నెలల్లో దుంప తవ్వుకోవచ్చు.