కట్టలు కట్టినవాళ్లేరీ?

వఫాదారీ రుజువు చేసుకోమని అడిగేవాడు తుపాకీ పట్టుకునే అడుగుతాడు. కెనడాలో, నోవా స్కోషియా రాష్ట్రంలోని గ్రాండ్ ప్రే చూశాక ఈ సంగతి మాకు మరింత బాగా తెలిసొచ్చింది.

అది మొదట మిక్మా ప్రజల నేల. 1680లలో అకాడియన్లనే ఫ్రెంచి రైతులు అక్కడికొచ్చారు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటుపోట్లు అక్కడి సముద్రానివే. ఆ ఉప్పుబురద చుట్టూ గడ్డిపెళ్లలతో కరకట్టలు కట్టారు. అడుగున చెక్క తూములు పెట్టారు. తూము తలుపు వాననీటిని బయటికి వదుల్తుంది, పోటు రాగానే మూసుకుంటుంది. వానలు రెండు మూడేళ్లు ఉప్పును కడిగేశాక గోధుమ పండింది.

1713 యుట్రెక్ట్ సంధితో ఆ నేల బ్రిటన్ పాలైంది. 1730లో అకాడియన్లు రాజుకు విధేయులమని ప్రమాణం చేశారు. మిమ్మల్ని యుద్ధానికి పిలవమని గవర్నరు నోటిమాట ఇచ్చాడు. 1755లో పాలకుడు చార్లెస్ లారెన్స్ ఏ షరతూ లేని ప్రమాణం కావాలన్నాడు. ప్రతినిధులు కాదన్నారు. మర్నాడు చేస్తామన్నా, ఇక చెల్లదన్నాడు.

1755 సెప్టెంబరు 5న గ్రాండ్ ప్రే చర్చిలోకి 418 మంది మగవాళ్లను, కుర్రాళ్లను పిలిపించారు. మీ భూములూ పశువులూ జప్తు, మీరంతా వెళ్లిపోవాలి అని సేనాని విన్‌స్లో చదివి వినిపించాడు. ఆ ప్రాంతం నుంచే దాదాపు 2,200 మందిని ఓడలెక్కించారు. ఇళ్లు తగలబెట్టారు. 1763 దాకా సాగిన ఈ వెళ్లగొట్టుడులో వేలమంది జబ్బులతో, ఓడలు మునిగి చచ్చిపోయారు.

1760లో న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లకు ఆ పొలాలు పంచారు. తుఫానుకు తెగిన కట్టల్ని బాగుచేయడం వాళ్లకు చేతకాలేదు. ఖైదులో ఉన్న అకాడియన్లనే తెచ్చి ఆ పని చేయించారు! సొంత పొలంలో ఖైదీ కూలీలయ్యారు.

ఇప్పుడక్కడున్న చర్చి 1922లో కట్టిన స్మారకం. దాని ముందున్న ఎవాంజెలిన్ విగ్రహం 1920 నాటిది. ఆమె లాంగ్‌ఫెలో 1847లో అచ్చేసిన కావ్యంలోని పాత్ర. నిజంగా ఊరు పోగొట్టుకున్న ఆడవాళ్లలో ఎందరి పేర్లు లోకానికి తెలుసు?

2003లో కెనడా గవర్నర్ జనరల్ రాణి పేరిట ఆ అన్యాయాన్ని ఒప్పుకున్నారు. చట్టపరమైన, డబ్బుపరమైన బాధ్యత మాత్రం లేదని ఆ ప్రకటనలోనే రాసుకున్నారు. 2012లో యునెస్కో గ్రాండ్ ప్రేను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కట్టల లోపలి పొలాలు ఇవాళ్టికీ పండుతున్నాయి. ఉప్పునేలను అన్నం పెట్టే నేలగా మార్చిన చేతుల్ని ఇంకా ప్రమాణం చెయ్యమనడమేమిటి? వఫాదారీకి అంతకన్నా రుజువేం కావాలి?