పోటు గీసిన గీత

1733లో అచ్చయిన ఒక ఇంగ్లీషు గ్రంథంలో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు తాను చేసిన ప్రయోగం రాశాడు. ఆడగుర్రం ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి పొడవాటి గాజుగొట్టం నిలబెడితే నెత్తురు 8 అడుగులకు పైగా లేచింది. రక్తపోటును కంటితో చూడటం అక్కడే మొదలైంది. వందేళ్ల తర్వాత, 1836లో, లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ మూత్రపిండాలు గట్టిపడి చనిపోయినవారి గుండెల్లో ఎడమ జఠరిక దళసరి కావడం గుర్తించాడు. ఆనాటికి బీపీ కొలిచే సాధనమే లేదు. 1896లో రివా-రొచ్చి చేతిపట్టీ, 1905లో కొరొత్కోవ్ పట్టుకున్న నాడీ శబ్దాలు వచ్చాకే అది వైద్యుల చేతికి అందింది.

గుండె విద్యుత్తు కథ వేరే దారిన నడిచింది. 1887లో అగస్టస్ వాలర్ మనిషి గుండె విద్యుత్ గీతను, అంటే ఈసీజీని, తొలిసారి నమోదు చేశాడు. దానికి స్పష్టత తెచ్చినవాడు లైడెన్‌లోని ఐంథోవెన్. ఆయన యంత్రం దాదాపు 270 కిలోల బరువు, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఎడమకాలూ ఉప్పునీటి జాడీల్లో ముంచి కూర్చుంటే, వెంట్రుక కన్నా సన్నని క్వార్ట్జ్ పోగు అయస్కాంతం నడుమ కదిలేది. ఆ గీతలోని అలలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ పేర్లు ఆయన పెట్టినవే.

ఈ రెండు దారులు గట్టిగా కలిసింది 1949లో. విల్సన్ అనే వైద్యుడు ప్రవేశపెట్టిన ఛాతీ లీడ్ల (ఛాతీ మీద వీ1 నుంచి వీ6 దాకా పెట్టేవి) ఆధారంగా సోకోలోవ్, లయన్ అనే వైద్యులు ఒక లెక్క కట్టారు: వీ1లో ఎస్ లోతు, వీ5 లేదా వీ6లో ఆర్ ఎత్తు కలిపి 35 మిల్లీమీటర్లు చేరితే ఎడమ జఠరిక పెరిగినట్టే. ఎన్నాళ్లుగానో పోటుకు ఎదురొడ్డి దళసరెక్కిన కండరం కాగితం మీద అలా నిటారుగా లేస్తుంది. మరీ అలసిన గుండెలో ఎస్టీ కిందికి జారి, టీ తలకిందులవుతుంది. అదే ఏడాది బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధి బీపీని దించుతుందని బ్రిటిష్ పత్రికలో రాశారు. గీతను చదవడమూ దాన్ని మార్చే మందూ ఒకే ఏట ముందుకు రావడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

గుండెజబ్బుల మీద సాగిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ఈసీజీలో ఈ మార్పులున్నవారికి ముప్పు ఎక్కువని తేల్చింది. అయితే ఈసీజీ అన్నింటినీ పట్టదు. గీత బాగున్నా గోడ మందమై ఉండవచ్చు, దాన్ని ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చూపిస్తుంది. అయినా ఈసీజీని తీసిపారేయలేం. 9,193 మంది రోగులతో బీపీ మందుల మీద జరిగిన ‘లైఫ్’ అనే పరీక్ష ఫలితాలు 2004లో చెప్పింది ఇదే: మందులతో ఆ గీతల పెరుగుదల తగ్గినవారిలో గుండెపోటు, పక్షవాతం, మరణాలు తగ్గాయి, అదీ బీపీ ఎంత తగ్గిందన్న లెక్కతో ప్రమేయం లేకుండానే. అందుకే నేటికీ మంచి డాక్టరు పాత ఈసీజీ అడిగి, కొత్తదాని పక్కన పెట్టి, వీ5 దగ్గర వేలు ఆపుతాడు.