అమ్మ డబ్బాలోని పావలాలు, మన దుడ్ల కథ



పోయిన వారం ఇంటి మీద రేకులు మార్చే పని పెట్టుకున్నాం. అటక మీద సామాన్లు దింపుతాంటే పాత పాలపొడి డబ్బా ఒకటి చేతికి తగిలింది. ఊపితే గలగలమనింది. మూత తీసి చూస్తే అన్నీ పావలాలు, పది పైసలు, కొన్ని ఇరవై పైసలు. మా అమ్మ దాచిన డబ్బా అది. అమ్మ పోయి ఏడేండ్లయింది. ఆ డబ్బా అట్లనే ఉండిపోవడంలో నా తప్పు గూడా కొంచెం ఉంది. అది చివర చెప్తా. ముందు ఈ దుడ్ల కథ చెప్పాల.

మన ఆదోని, ఎమ్మిగనూరు పక్క డబ్బును దుడ్లు అంటాం. బయటి జిల్లాల వాళ్ళు విని నవ్వుతారు. కానీ దుడ్డు అనేది ఒకప్పుడు రాగి నాణెం పేరు. వాళ్ళు అనే డబ్బు గూడా రాగి నాణెం పేరే. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండె. కన్నడం, తెలుగు కలిసి బతికిన చోటు. అందుకే మన నోట్లో దుడ్లు నిలిచింది. నాణెం పోయినా పేరు పోలేదు.

మన ఆదోనిలో ఒకప్పుడు నాణేలు అచ్చు వేసినారని మీలో ఎంతమందికి తెలుసు? 17వ శతాబ్దం చివర ఔరంగజేబు సైన్యం బీజాపూరు వాళ్ళ చేతిలోనుంచి ఆదోని కోటను తీసుకుంది. ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టినారు. ఆ పేరుతో ఇక్కడ టంకశాల నడిచింది. పార్సీ అక్షరాలతో ఇంతియాజ్‌గఢ్ అని ఉండే బంగారు వరహాలు ఇప్పటికీ నాణేలు సేకరించేవాళ్ళ దగ్గర ఉన్నాయి. ఢిల్లీ పాదుషా పేరు మీద నాణెం వేసినా, మన దక్షిణాదిలో జనం నమ్మేది వరహానే కాబట్టి, ఇక్కడ వరహానే వేసినారు. రాజు ఎవరైనా గానీ, సంతలో చెల్లేదే నాణెం.

1800లో నిజాము మన సీమను కుంపిణీకి ఇచ్చేసినాడు. దత్తమండలాలు అనింది అప్పటినుంచే. మన్రో దొర కలెక్టరుగా వచ్చి పొలాలు కొలిపించి శిస్తు కట్టినాడు. అప్పుడు లెక్కలు వరహాల్లో ఉండె. మద్రాసు వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. 1818లో కుంపిణీ వాళ్ళు వరహాను పక్కన పెట్టి రూపాయిని లెక్కకు తెచ్చినారు. వంద వరహాలకు 350 రూపాయలు అని కట్టినారు. 1835లో దేశంలో కుంపిణీ ఏలుబడి ఉన్న చోటంతా ఒకే రూపాయి అయింది. బరువు ఒక తులం, వెండి రూపాయి. మన అవ్వలు రూపాయెత్తు పసుపు, రూపాయెత్తు ఇంగువ అనేది దానివల్లనే. నాణెమే తూకం రాయి గూడా.

తుంగభద్ర అవతల కథ వేరే. రాయచూరు నిజాము కింద ఉండె. అక్కడ హాలి సిక్కా చెల్లేది. ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు హాలి రూపాయలు. మంత్రాలయం పక్కనుంచి నది దాటి ఎద్దులు కొనను పోయినా, పిల్లనియ్యను పోయినా దుడ్లు మార్చుకోవాల. మా తాత ఆ లెక్క నోటితోనే చేసేవాడు. మార్చే సేటు ప్రతిసారీ కొంత మిగుల్చుకునేవాడని చెప్పేవాడు. హైదరాబాదు సంస్థానం 1948లో కలిసిపోయినాక గూడా కొన్నేండ్లు ఆ సిక్కా చెల్లి, 1950ల్లో మెల్లగా పోయింది. నది అదే, గట్లు అవే, మార్చే సేటు పని మాత్రం పోయింది.

ఇంక అణాల లెక్క. ఈ కాలం పిల్లోళ్ళకు తెలియదు కాబట్టి రాస్తున్నా. రూపాయికి 16 అణాలు. అణాకు 4 కాణీలు. కాణీకి 3 దమ్మిడీలు. అంటే రూపాయికి 192 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన కాలానికి కూలి లెక్కలు, నూలు లెక్కలు అన్నీ ఇట్లనే ఉండె. ఆదోని పత్తి మండీలో గూడా ఇదే లెక్క. ఇప్పుడు క్యాలిక్యులేటరు లేకుంటే చేతులు కట్టేసినట్లుండే మనం, చదువు రాని ఆ పెద్దోళ్ళు 192 లెక్కను ఎట్ల చేసినారో ఆలోచించండి. ఒక సుఖం ఉంది దాంట్లో. 16ను సగం చెయ్యొచ్చు, పావు చెయ్యొచ్చు, అరపావు చెయ్యొచ్చు. ముగ్గురన్నదమ్ములు పంచుకోవాలంటే 192ను మూడుతో గూడా కోయొచ్చు. వందను మూడు భాగాలు చేసి చూడండి, ఒక పైసా మిగిలి కొట్లాట పెడతాది.

యుద్ధం కాలంలో లోహం కరువైంది. 1943లో కాణీకి నడుమ పెద్ద చిల్లి పెట్టి వేసినారు. రాగి మిగుల్తాదని. మా అవ్వ దగ్గర అట్లాంటివి దారానికి గుచ్చినవి ఉండె. వెండి రూపాయిలో గూడా 1940నుంచి వెండి సగానికి తగ్గించినారు, 1947కు నికెలు అయిపోయింది. మంచి వెండి రూపాయిలు ఉండేవాళ్ళు దాచుకున్నారు, తక్కువవి ఖర్చు పెట్టినారు. ఇది ఎవరూ నేర్పాల్సిన పని లేదు. గట్టి విత్తనం గాదెలో పెట్టి తాలు గింజలు కోళ్ళకు వేసినట్లే.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినాయి. రూపాయికి 100. చెప్పను సులువే. కానీ అణా అంటే ఆరుంపావు నయాపైసలు. పావు పైసా నాణెం యాడుంటాది? సర్కారు పట్టిక వేసింది. అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు సార్లు అణా అణాగా కొంటే 24 పైసలు, ఒకేసారి పావలాకు కొంటే 25. పట్టిక ప్రకారం చిన్న కొనుగోలుదారుకే లాభం. కానీ మా తాత చెప్పింది వేరే. అంగడాయన 6 తీసుకోనంటాడు, 7 ఇయ్యి అంటాడు. తాత కాదని చెప్పను పోతే, అయితే పాత అణానే తేపో అంటాడు. పట్టిక సర్కారు దగ్గర ఉంది, బెల్లం అంగడాయన దగ్గర ఉంది. కొన్నేండ్లు రెండు రకాలూ కలిసి నడిచినాయి. 1964 జూన్‌లో నయా అనే మాట తీసేసి ఉత్త పైసా అన్నారు.

ఆ తర్వాత అల్యూమినియం కాలం. మా చిన్నప్పుడు మా చేతిలో ఉన్నవి అవే. నలుచదరం ఒక పైసా, అంచు వంపులుండే రెండు పైసలు, ఆరు మూలల మూడు పైసలు, నలుచదరం ఐదు పైసలు, పూవు మాదిరి పది పైసలు. కండ్లు మూసుకున్నా చేతితో తడిమి ఏది ఏదో చెప్పొచ్చు. నీళ్ళలో వేస్తే తేలతాయేమో అన్నంత తేలిక. 1968లో వచ్చిన పద్మం బొమ్మ ఇరవై పైసలు పసుపు రంగు, బంగారం మాదిరి మెరిసేది. అమ్మ దాన్ని ఖర్చు చెయ్యనియ్యకుండా దేవుని పటం కింద పెట్టింది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకు పోతే నాయన చేతిలో పావలా పెడతాండె. ఆ పావలాతో సాయంత్రం దాకా రాజు మాదిరి తిరిగేవాణ్ణి.

మాటల్లో ఇవన్నీ ఇంకా బతికే ఉన్నాయి. చిల్లిగవ్వ లేదంటాం. ఎర్ర ఏగానీ ఇయ్యనంటాం. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదంటాం, అది రైతు గురించే చెప్పినట్లుంటాది. పదహారణాల తెలుగుపిల్ల అంటాం. 2004లో వచ్చిన సర్కారు మహిళా సంఘాలకు పావలా వడ్డీ అనింది. నూటికి నెలకు 25 పైసలు, అంటే ఏడాదికి 3 రూపాయలు. మన ఊర్లలో నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు వడ్డీ కట్టిన ఆడోళ్ళకు ఆ పావలా ఎంత పెద్ద మాటో మీకు తెలుసు. ఆ పథకం నడుస్తాండగానే పావలా నాణెం చచ్చిపోయింది.

2011 జూన్ 30నుంచి పావలా, అంతకు తక్కువ నాణేలు చెల్లవని సర్కారు చెప్పింది. ముందురోజు, 29 దాకా మార్చుకోవచ్చు అన్నారు. కానీ ఏ బ్యాంకులో పడితే ఆ బ్యాంకులో కాదు. చిన్న నాణేల డిపో ఉన్న శాఖల్లో, రిజర్వు బ్యాంకు ఆఫీసుల్లో. అమ్మ ఈ డబ్బా తెచ్చి ఇచ్చింది. లెక్క పెడితే 312 రూపాయలు చిల్లర. నేను దగ్గర్లో ఉన్న ఒక బ్యాంకుకు పోయినా. ఇక్కడ తీసుకోం, పెద్ద శాఖకు పోండి అన్నారు. సరే రేపు పోతాం అనుకుని ఇంటికొస్తే ఆ రాత్రి వాన పడింది. మంచి పదును. రైతులకు చెప్పాల్సిన పని లేదు, పదును తప్పితే ఏడాది తప్పుతాది. నాలుగు రోజులు విత్తనం పనిలో పడినా. తల ఎత్తి చూసేసరికి జులై వచ్చింది.

అమ్మ నన్ను ఏమీ అనలేదు. ఒకే మాట అడిగింది. సర్కారు అచ్చేసిన రూకను సర్కారే వద్దంటే, ఇంక మనం దేన్ని నమ్మి దాచుకోవాల నాయనా అని. నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ నా దగ్గర మంచి జవాబు లేదు.

నాణెం తీసెయ్యడం తప్పని నేను అనడం లేదు. ధరలు పెరిగినప్పుడు చిన్న నాణెం అచ్చు ఖర్చు గూడా రాదు. ఆస్ట్రేలియా 1992లో ఒక సెంటు, రెండు సెంట్లు ఆపింది. కెనడా 2013లో సెంటు పంపిణీ ఆపింది. అమెరికా గూడా 2025లో సెంటు వెయ్యడం ఆపింది. కెనడాలో ఆపినప్పుడు ఒక లెక్క చెప్పినారు. నగదు ఇచ్చేటప్పుడు ఐదు సెంట్లకు దగ్గరగా, ఒకటి రెండు ఎక్కువుంటే కిందికి, మూడు నాలుగు ఉంటే పైకి. ఒకసారి కొనేవాడికి, ఒకసారి అమ్మేవాడికి. మనకు అంగట్లో ఎప్పుడూ పైకే. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెడతారు. మనం చాక్లెట్టు తిరిగి ఇస్తే తీసుకుంటారా?

అర్ధరూపాయి ఇప్పటికీ చట్టం ప్రకారం చెల్లుతాది, పది రూపాయల మొత్తం దాకా. అంగట్లో ఇచ్చి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. పది రూపాయల బిళ్ళ గతీ అంతే అయింది. గీతలు పది ఉండేది అసలు, పదిహేను ఉండేది నకిలీ అని ఎవరో పుట్టించినారు. 14 రకాల్లో వేసినాం, అన్నీ చెల్లుతాయి అని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకే చెప్పింది. అయినా సంతలో కూరగాయలమ్మే అవ్వ దగ్గర పేరుకుపోతున్నాయి. ఆమెనుంచి తీసుకునేవాడు లేడు. తీసుకోండి, దయచేసి.

ఇంక అసలు సంగతి. పైసా చచ్చిపోయిందని అందరూ అంటారు. మన దగ్గర చావలేదు. పత్తికొండ టమోటా కిలో రూపాయికి పడిన రోజులు మనం చూసినాం. కోత కూలి రాక రోడ్డు మీద పారబోసినాం. ఉల్లిగడ్డ క్వింటాలుకు వంద తేడా అంటే కిలోకు ఒక రూపాయి. కిలోకు యాభై పైసలు తగ్గితే ఇరవై క్వింటాళ్ళ మీద వెయ్యి రూపాయలు పోయినట్లు. అంగట్లో చెల్లని అర్ధరూపాయి మన పంట ధరలో మాత్రం చెల్లుతాది, అదీ మననుంచి తీసుకునేటప్పుడు. మండీ చీటీలో చివర 47 రూపాయలు ఉంటే చిల్లర తీసేసినాం అంటారు. తరుగు ముందే తీసినారు, కమీషన్ తీసినారు, ఇంక చిల్లర గూడానా? మనం సిగ్గుపడి ఊరుకుంటాం. చిల్లర అడిగేది చిన్నతనం అనుకుంటాం.

మా తాత 192 దమ్మిడీలనూ లెక్క పెట్టి అడిగి తెచ్చుకున్నాడు. మనం వందను గూడా అడగలేకపోతున్నాం. అణాల కాలం బంగారం అని నేను అనను, ఆ కాలంలో ఆకలి గూడా ఎక్కువే. ఆ మనుషులకు లెక్క అడిగే అలవాటు మాత్రం ఉండె, అది మనం పోగొట్టుకోవద్దు. ఫోనులో దుడ్లు పంపే ఈ కాలంలో పైసలతో సహా పంపొచ్చు. నాణెం లేదనే సాకు గూడా లేదు. ఈసారి చీటీ చేతికొచ్చినప్పుడు కింది వరస దాకా చదవండి. తీసేసిన చిల్లర ఎంతో నెమ్మదిగా అడగండి.

డబ్బా మళ్ళీ అటక మీద పెట్టలేదు. మనవరాలికి ఇచ్చినా. నేల మీద పోసుకుని ఖడ్గమృగం బొమ్మ పావలాలు ఒక వరస, పది పైసలు ఒక వరస పేర్చి అంగడి ఆట ఆడుతోంది. ఆమె అంగట్లో అన్నీ చెల్లుతాయి. నేను కొన్నదానికి చిల్లర గూడా సరిగ్గా ఇచ్చింది.