చుక్క తర్వాత గుంటలు

జహీరాబాద్ చుట్టుపక్కల ఏ పాసుపుస్తకం తెరిచినా విస్తీర్ణం గడిలో 2.20 లాంటి అంకె కనిపిస్తుంది. రైతు దాన్ని రెండెకరాల ఇరవై గుంటలని చదువుతాడు. ఎకరానికి నలభై గుంటలు గనక అది సరిగ్గా రెండున్నర ఎకరాలు. అదే అంకెను మామూలు దశాంశంగా తీసుకునే డేటాబేస్‌లో మాత్రం పన్నెండు గుంటలు మాయమవుతాయి.

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు. బొంబాయి పద్ధతి సర్వేలో గొలుసు పొడవు 33 అడుగులు. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉన్న నేల 1089 చదరపు అడుగులు, అంటే 121 చదరపు గజాలు. అదే గుంట. నిజాం రాజ్యంలోనూ ఈ లెక్కే నిలిచింది. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ ఏడాది నవంబరు 1న అందులో ఎక్కువ భాగం మెదక్ జిల్లాలో కలిసింది. జహీరాబాద్, బీదర్‌ల రాష్ట్రాలు వేరైనా సరిహద్దుకు రెండు పక్కలా గుంటలే మిగిలాయి. కోస్తాలో అలా కాదు. అక్కడ ఎకరానికి నూరు సెంట్లు, కాబట్టి అక్కడి 2.20 నిజంగానే దశాంశం.

డబ్బు లెక్క ఇంకా ముచ్చటైనది. నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ ఇండియా ఆరు రూపాయలకు సమానమనుకుంటే, నూరు బ్రిటిష్ రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు వస్తాయి. పై కూడా తేడా రాదు. రూపాయికి 192 పైలు, ఆ సంఖ్యను మూడు నిశ్శేషంగా భాగిస్తుంది. దాన్నే దశాంశంలో రాయబోతే 116.666 అంటూ ఎంత దూరం వెళ్లినా ముగియదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయా పైసలయ్యాక అణా విలువ 6.25 పైసలయింది. మార్పిడి పట్టికలో అణాకు 6 పైసలు, మూడణాలకు 19. అణా చొప్పున మూడుసార్లు ఇస్తే 18, కలిపి ఇస్తే 19. సవరింపు ఒక్కో పద్దుకా, మొత్తానికా అన్న ఆ ప్రశ్న ఇవాళ్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ అలాగే ఉంది.

కంప్యూటరుకు తెలిసినవి 0, 1 మాత్రమే. దశాంశానికి మూడోవంతు లొంగనట్టే దానికి పదోవంతు లొంగదు. అందుకే 1985లో ప్రమాణంగా స్థిరపడిన ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పద్దులు రాసేవాళ్లకు ఇది పనికిరాదని ముందే తెలుసు. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాష, 1964 నాటి ఐబీఎం సిస్టమ్ 360 యంత్రం దశాంశ లెక్కకు చోటిచ్చాయి. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ 1986 ప్రమాణంలో న్యూమరిక్, డెసిమల్ రకాలు ఉన్నాయి. ఆచరణ మాత్రం నత్తనడకన సాగింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 2005 నాటి 5.0 వెర్షన్ వచ్చేదాకా డెసిమల్ గడుల మీద కూడా లోలోపల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కే నడిచేది.

డెసిమల్ రకం వచ్చింది కదా అని గుంటల సమస్య తీరలేదు. 1.25కి 1.25 కలిపితే డెసిమల్ గడి నిక్కచ్చిగా 2.50 అంటుంది. కానీ యాభై గుంటలంటే ఎకరం పది గుంటలు, జవాబు 3.10 కావాలి. 2.20ని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే చివరి సున్నా రాలిపోయి 2.2 మిగులుతుంది, చదివేవాడికి అది రెండు గుంటలా ఇరవయ్యా తెలియదు. తెలంగాణలో రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతు భరోసా పథకం కింద ఏడాదికి ఎకరానికి 12,000 రూపాయలంటే గుంటకు 300. రెండెకరాల ఇరవై గుంటలకు 30,000 రావాలి. దశాంశంగా గుణిస్తే 26,400. ఆ తేడా 3,600 ఒక చిన్న రైతుకు చిన్న మొత్తం కాదు.

సరిహద్దు దాటి బీదర్ వైపు వెళ్తే కర్ణాటక పహాణీలో ఎకరాలు, గుంటలు, గుంటలో భాగాలు వేరువేరు చుక్కలతో ఉంటాయి. వాటిని దశాంశమని ఎవరూ పొరబడరు. నా దృష్టిలో అదే మెరుగైన పద్ధతి. తెలంగాణ భూరికార్డులకు 2020 అక్టోబరులో ధరణి, 2025 ఏప్రిల్‌లో భూభారతి పోర్టళ్లు వచ్చాయి, రేపు మరో పోర్టల్ రావచ్చు. ఈ రికార్డులతో పనిచేసే ఇంజినీర్లకు ఒక్కటే విన్నపం: ఎకరానికి ఒక గడి, గుంటకు ఒక గడి పెట్టండి. గుంటల గడిలో 40 గానీ అంతకు మించి గానీ పడకుండా షరతు రాయండి. లేదా మొత్తం విస్తీర్ణాన్ని గుంటలో నూరోవంతుల లెక్కన పూర్ణసంఖ్యగా దాచి, చూపేటప్పుడు మాత్రమే ఎకరాలుగా మార్చండి.